తోస్తే గానీ కదలని బండి

మనుషుల కోరికలకూ అవసరాలకూ మధ్య గీత గీయాలని ప్రభుత్వం వారు నిర్ణయించారు. ఆ గీత మిగతా రాష్ట్రంలో ఎక్కడెక్కడ నుంచి పోయిందో నాకు తెలియదు గానీ, మా కొమ్ములంకలో మాత్రం సరిగ్గా మా బండి మీదుగా పోయింది.

బండి అంటే పికప్పు వ్యాను. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక పొడుగాటి చెక్క తొట్టి. మా ఆయన మీసాలు మొలిచిన కొత్తలో కొన్నాడు. దాని రంగేమిటని అడిగితే మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. ఎవరి చిన్నతనంలో ఏ రంగు ఉంటే వాళ్ళకు అదే దాని రంగు. అరటి గెలలు, పూల గంపలు, ఇంటి సామాన్లు, మనుషులు, అన్నీ ఆ తొట్టిలోనే వెళ్ళేవి. దానికున్న జబ్బు ఒక్కటే. తోస్తే గానీ స్టార్టవదు.

ఆ జబ్బు కుదుర్చుదామని మా ఆయన ఒకసారి ప్రయత్నం చేశాడు. వీధి ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరు ఊరు విడిచి వెళ్ళినా ఆ బండిలోనే వెళ్ళాలి. అత్తారింటికి వెళ్ళే పిల్లయినా, బదిలీ అయిన మేష్టారయినా వెళ్ళేవాళ్ళు ఎక్కి కూర్చుంటారు. ఉండేవాళ్ళం వెనక చెయ్యివేసి తోస్తాం. ఏడ్చేవాళ్ళు తోస్తూనే ఏడుస్తారు. ఇంజను అందుకునేసరికి ఏడుపు ఒక కొలిక్కి వస్తుంది. బండి కాలవ మలుపు తిరుగుతుంది. మేం చేతుల దుమ్ము దులుపుకుని ఇళ్ళకు పోయి అన్నాలు తింటాం. ఇదొక పద్ధతని మాకెవరికీ తెలియదు. ప్రభుత్వం వారి శాఖ వచ్చాకే తెలిసింది.

నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని నాకు ఏ కథా చివరికంటా తెలియదు. ఆ లోటు కొద్దీ గోడమీద అంటించిన కాగితం మాత్రం చిట్టచివరి సంతకం దాకా చదువుతాను. ఆ రోజు రచ్చబండ గోడకు నోటీసు పడగానే వీధి నన్నే పిలిచింది.

"ఏతద్వారా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునదేమనగా, దుఃఖములకెల్ల కోరికలే మూలమని పెద్దలు పూర్వమే సెలవిచ్చియున్నందునను, సదరు పెద్దల మాటను అమలుపరచు యంత్రాంగము నేటివరకు లేకపోయినందునను, అవసర నిర్ధారణ శాఖ నెలకొల్పబడినది. అవసరములకు పచ్చ స్టిక్కరును, కోరికలకు ఎర్ర స్టిక్కరును అంటించబడును. ఎర్ర స్టిక్కరు పొందిన వస్తువు పని చేయరాదు. తొలి విడత: వాహనములు."

"అంటే ఏటి పిన్నిగారండీ?" అన్నాడు గవర్రాజు. మా ఆయన దగ్గర బండి నేర్చుకున్న మనిషి. ఆయన పోయాక స్టీరింగు అతనిదే. పెద్ద మీసం, చిన్న గుండె.

"మన బండి అవసరమో కోరికో తేలుస్తారట."

"ఆయ్, తేల్చనివ్వండి. అవసరం లేకపోతే ఇంతమంది ఎందుకు తోస్తారండీ దాన్ని?"

సరిగ్గా ఆ మాట దగ్గరే చిక్కు వచ్చింది.

అవసరాధికారి విశ్వంభరరావు గారు వచ్చిన రోజు నేను ఉదయం నుంచీ బండి చక్రాల కింద రాళ్ళు సర్దుతూనే ఉన్నాను. అది ఎప్పుడూ దానంతటది కదలలేదు. అయినా ఏది ఎప్పుడు వదిలి వెళ్ళిపోతుందో చెప్పలేం గదా అని నా భయం. ఆయన సన్నగా, ఇస్త్రీ మడత విప్పినట్టుగా ఉన్నారు. బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, తొట్టిని వేలితో మీటి, ఆ వేలు రుమాలుతో తుడుచుకున్నారు.

"సదరు వాహనము స్వయముగా చలించునా?"

"తొయ్యాలండి. అలా కొద్దిగా," అన్నాడు గవర్రాజు.

"ఎవరు తోయుదురు?"

"అందరం తోస్తామండి."

"జీతమునకా?"

"జీతమేటండీ, భలేవారే! ఊరికేనే."

విశ్వంభరరావు గారి ముఖం వెలిగింది. "నమోదు చేయవలసిన విషయము. అవసరమైన వస్తువు మనిషిని తోయును. కోరికనైతే మనిషే తోసుకొనుచు తిరుగును. ఇది మా శాఖ మూలసూత్రము." తరువాత నావైపు తిరిగారు. "అమ్మా, ఈ వాహనమును కడపట అత్యవసరముగా ఎప్పుడు వినియోగించితిరి?"

"మా ఆయన్ని తీసుకువెళ్ళినప్పుడండి."

"ఆసుపత్రికా?"

"కాదు బాబూ. ఆ తరువాత."

ఆయన కొంచెంసేపు ఆలోచించారు. మంచి మనిషే, కళ్ళద్దాలు కూడా తీశారు. తీసి, "అప్పటికి వారికి అవసరములు ఏవియు మిగిలి లేవు గనుక, సదరు ప్రయాణము మీ కోరిక క్రిందికి వచ్చును," అన్నారు.

పక్కింటి పాపాయమ్మ అంతా గోడమీంచి వింటోంది. మెడ ముందుకు చాపి, "అయ్యా, తమరు బోంచేసొచ్చారా? అది అవసరమా, కోరికా?" అంది.

"మొదటి వాయి అవసరము. చారు తరువాతిది కోరిక," అన్నారాయన తడుముకోకుండా.

అన్యాయం జరగలేదన్న పేరు ఉండాలి గనక, పాత బండికీ కొత్త బండికీ తులనాత్మక పరీక్ష పెడతామన్నారు. శాఖ వారి కొత్త పికప్పు వచ్చింది. ఏనుగంత ఎత్తు, అద్దంలా నిగనిగ. గవర్రాజు దాని ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు. ముందు గది మా వంటిల్లంత ఉంది, వెనక తొట్టి మాత్రం మా పాలవెల్లంత ఉంది.

"ఇదేటండీ, కూర్చునేచోటే గానీ మోసేచోటు లేదు?"

"మోయుట అనునది పాత భావన," అన్నారు విశ్వంభరరావు గారు. "ఆధునిక పికప్పు నందు మోయగల సామర్థ్యము ప్రధానము. మోయుట కాదు."

లోపల ఉన్న సౌకర్యాలన్నీ ఆయన ఒక్కొక్కటే చూపించారు. నీళ్ళసీసా పెట్టుకునే గుంట. జలము ప్రాణాధారము గనుక అవసరం. పాట వినిపించే తెర. నిద్ర వచ్చినచో ప్రమాదము గనుక అవసరం. సీటు వేడెక్కే బొత్తాం. మా కొమ్ములంకలో ఎండాకాలం కోడిగుడ్డు అరుగుమీదే ఉడుకుతుంది. అది ఎవరికవసరమని అడిగాను.

"మలేరియా చలి వచ్చినవారికి," అన్నారు.

"బాబూ, మలేరియా వస్తే దుప్పటి కప్పుకుంటాం."

"దుప్పటి అంశము రెండవ విడతలో పరిశీలించబడును."

పరీక్షకు అరటి గెలలు తెచ్చారు. మా బండికి తొట్టి తలుపు కిందికి దించితే నడుమెత్తు. గవర్రాజు ఒక్కడే పాట పాడుకుంటూ గెలలన్నీ ఎక్కించేశాడు. కొత్తదాని తొట్టి గవర్రాజు మీసం ఎత్తున ఉంది. గెల ఎత్తి పట్టుకుని వేయబోతుండగా విశ్వంభరరావు గారు చేతులు చాపి అడ్డుపడ్డారు.

"ఆగుము! రంగు గీసుకొనును!"

"మరి గెల ఎలా ఎయ్యనండీ?"

"వేయవలదు. వేసినట్లు భావించబడినది."

ఫలితం అక్కడే చదివారు. పాత బండి గెలలు మోసినందువల్ల దానిపై ఇదివరకే ఉన్న సొట్టలకు తోడు కొత్త గీత పడినది. ఇది విచ్చలవిడి వినియోగము. కొత్త బండి ఏమియు మోయనందున ఎట్టి లోపము కనబడలేదు. కొత్త బండికి పచ్చ స్టిక్కరు. మా బండికి ఎర్ర స్టిక్కరు. వెనక చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం, తాళంచెవి విశ్వంభరరావు గారి జేబులోకి. శ్రావణం వెళ్ళగానే బండిని ఇనుము నలిపే యంత్రానికి పంపించేస్తారట.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అది నాకు కొత్తేమీ కాదు. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చిన నాడు ఆ తొట్టిలోనే వచ్చాను. మా వాళ్ళు వెనక నుంచి తోస్తుంటే వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాను. అమ్మ చెయ్యి తొట్టి చెక్క మీద ఉన్నంతసేపూ నేనింకా వెళ్ళలేదనుకున్నాను. ఇంజను అందుకున్నాక చెయ్యి జారింది. అప్పుడు వెళ్ళాను. ఆ చెక్కను నలిపేస్తారంటే, రేపు ఎవరైనా వెళ్ళేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?

శాఖ అనేది దీపంలాంటిది. ఒక గదిలో పెడితే పక్క గది ఊరుకోదు. వాహనాలు అయిపోయాయి, ఇళ్ళల్లోకి వచ్చారు. రెండో దిండుకు ఎర్ర స్టిక్కరు. ఆవకాయకు పచ్చ, మాగాయకు ఎర్ర. ఒక ఊరగాయ ఉండగా ఇంకొకటి ఎందుకన్నారు. మాగాయ పెట్టిన వాళ్ళు ఆవకాయ పెట్టిన వాళ్ళతో మాటలు మానేశారు. కరణం గారింట్లో ఉయ్యాలకు ఎర్ర స్టిక్కరు. మనిషిని ఎక్కడికీ చేర్చని ప్రయాణము కోరిక అని కారణం చెప్పారు. గవర్రాజు మీసం కుడి సగానికి పచ్చ, ఎడమ సగానికి ఎర్ర. ముఖము పురుషునిదని తెలియుటకు సగము చాలునట.

"సగం గొరిగించుకుంటే మా ఆవిడ గుమ్మంలోకి రానివ్వదండీ," అన్నాడు గవర్రాజు ఏడుపు గొంతుతో.

"ఆవిడ అభ్యంతరము కోరిక," అన్నారు.

జనం కూడా ఆరితేరారు. దిండుకు పేరు మార్చి తలకట్టు వైద్యం అన్నారు. తాంబూలాన్ని అరుగుదల మందు అన్నారు. పాపాయమ్మ తన పగటినిద్రకు పచ్చ స్టిక్కరు సంపాదించింది. ఎలాగని అడిగితే, "నేను మెలకువగా ఉంటే ఎవరికి నష్టమో ఆలోచించుకోమన్నాను వదినా," అంది.

శ్రావణంలో పాపాయమ్మ కూతురు తులసికి పెళ్ళయింది. పిల్లవాడు రాజోలు వైపు. అంతా సవ్యంగా జరిగింది, అప్పగింతల దాకా. మా బండి గొలుసు కట్టుకుని కొట్టంలో ఉంది. శాఖ వారే దయతలచి, పచ్చ స్టిక్కరు బండిలో పెళ్ళికూతుర్ని ఉచితంగా పంపిస్తామన్నారు.

తులసి ఎక్కి కూర్చుంది. అల్లుడు పక్కన కూర్చున్నాడు. పాపాయమ్మ కూతురి పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడింది. అలవాటు చొప్పున మేమందరం వెనక చేరి చేతులు వేశాం. బండి ఒక్కసారి కీచుమంది. మాలో ఎవరిదీ కాని ఆడగొంతు ఒకటి లోపల నుంచి పలికింది: "వెనక అవరోధము కలదు. వెనక అవరోధము కలదు."

"ఎవత్తే అది, నన్ను అవరోధం అంటోంది?" అంది పాపాయమ్మ.

డ్రైవరు బొత్తాం నొక్కాడు. అంతే. చప్పుడు లేదు, దుమ్ము లేదు. మేం ఎత్తిన చేతులు ఎత్తినట్టే గాలిలో ఉన్నాయి. బండి మలుపు దగ్గర ఉంది. తరువాత లేదు. తులసి చెయ్యి ఊపిందో లేదో, నల్లద్దాల వెనక ఎవరికీ కనబడలేదు.

పాపాయమ్మ పెట్టె పట్టుకుని అలాగే నిలబడింది.

"వదినా," అంది కొంతసేపటికి, "నేనింకా ఏడుపు మొదలెట్టలేదే."

విశ్వంభరరావు గారు చేతి గడియారం చూసుకుని సంతోషించారు. వీడ్కోలు అవసరమే గాని, అందులో ఏడుపు భాగము కోరిక అనీ, నూతన వాహనము దానిని శాస్త్రీయముగా తొలగించినదనీ పైవారికి రాశారట.

తొలగించిన ఏడుపు ఎక్కడికి పోతుందో పైవారు ఆలోచించినట్టు లేదు. పాపాయమ్మ ఇంట్లో అది దారి తెలియని పిల్లిలా తిరిగింది. పెట్టె మరునాడు ఎవరి చేతో రాజోలు పంపించారు. ఏడుపును ఎవరి చేత పంపిస్తారు? ఆవిడ పచ్చడి నూరుతూ నూరుతూ ఆగిపోయేది. మూతి వంకరపోయేది, ఏడుపు వచ్చేది కాదు. విస్తరి తులసికి కూడా వేసేది.

"దాన్ని పంపించినట్టు లేదొదినా. ఎవరో ఎత్తుకుపోయినట్టుంది," అనేది.

వెళ్ళి చూసి రమ్మన్నాను. "పంపించకుండా చూడ్డానికెలా వెళ్తానే?" అంది. ఆ మాటకు జవాబు ఏ పొట్లం కాగితంలోనూ నేను చదవలేదు.

శ్రావణం వెళ్ళింది. మరునాడు బండిని తీసుకుపోతారనగా, పొద్దున్నే మా అరుగు ముందు ఎవరో దగ్గారు. చూస్తే విశ్వంభరరావు గారు. ఇస్త్రీ నలిగింది.

"నన్ను బదిలీ చేసిరి," అన్నారు. "పార్వతీపురం. తక్షణమే చేరవలెనట."

"అయ్యో. ఎందుకు బాబూ?"

"ఈ ఊరికి ఒక అవసరాధికారి అవసరమా అని పైవారు పరిశీలించిరి." ఆయన గొంతు సర్దుకున్నారు. "కాదని తేలినది."

కాఫీ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి అసలు విషయం చెప్పారు. ఆయనకో ఉయ్యాల బల్ల ఉందట. టేకుది, తల్లిది. ఆవిడ పోయాక ఊరూరా వెంట తిప్పుకుంటున్నారు. కొత్త పికప్పు తొట్టిలో అది పట్టడం లేదు. బల్ల సగం బయటికి వస్తోంది, వస్తే ఆ బండిలోని గొంతు "భారము అపాయకరము" అని ఆగకుండా అరుస్తోంది. డ్రైవరు రంగు గీసుకుంటుందని బల్లను కిందికి దించేశాడు.

కరణం గారి ఉయ్యాలకు అంటించిన ఎర్ర స్టిక్కరు నాకు గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, నేలచూపులు చూశారు.

"మీ బండి తొట్టి పొడుగు," అన్నారు.

"అది రేపు నలిగిపోతుంది గదా బాబూ. ఎర్ర స్టిక్కరు వస్తువు పని చెయ్యకూడదని తమరే అంటించారు."

"అంటించితిని."

"ఇంతకీ ఆ బల్ల తమరికి అవసరమా, కోరికా?"

ఎగతాళికి అడగలేదు. బండి కోసం అడిగాను. ఆయన ఏ మాట చెబితే ఏ స్టిక్కరు పడుతుందోనని నా భయం. ఆయన కాఫీ గ్లాసు అరుగుమీద పెట్టేశారు.

"తెలీదమ్మా," అన్నారు చివరికి. నేను ఆయన నోట మామూలు మాట విన్నది అదే మొదలు.

కాసేపటికి లేచి, కొత్త పికప్పు ఆగి ఉన్న చోటికి నడిచి వెళ్ళారు. దాని అద్దానికున్న పచ్చ స్టిక్కరు గోటితో జాగ్రత్తగా ఒలిచారు. తెచ్చి మా బండి ఎర్ర స్టిక్కరు మీద అంటించి, అరచేత్తో అదిమారు. జేబులోంచి తాళంచెవి తీసి గవర్రాజుకిచ్చారు. స్టిక్కరు లేని కొత్త పికప్పు ఇటు అవసరమూ కాక, అటు కోరికా కాక, ఏ విడతలో వేయాలో ఎవరికీ తెలియక, ఇప్పటికీ ఆఫీసు షెడ్డులోనే నిగనిగలాడుతోంది.

ఉయ్యాల బల్ల తొట్టిలో పడుకోబెడితే ఇంకా జానెడు చోటు మిగిలింది. ఊరంతా వచ్చింది. వదిలిపోతున్నాడన్న సంతోషంతో కొందరు, బండి కదులుతోందన్న సంతోషంతో కొందరు. మాగాయ వాళ్ళూ ఆవకాయ వాళ్ళూ పక్కపక్కన నిలబడి చేతులు వేశారు. గవర్రాజు సగం మీసంతో స్టీరింగు ముందు కూర్చున్నాడు.

విశ్వంభరరావు గారు గదిలో కూర్చుని కిటికీలోంచి తల బయటికి పెట్టారు. "వెళ్తాను," అన్నారు.

"అలా అనకూడదు బాబూ, వెళ్ళొస్తానని..." అనబోయాను.

"పిన్నిగారండీ!" అన్నాడు గవర్రాజు. "ఆయన్నొక్కణ్ణీ అలాగే అననివ్వండి."

నవ్వులు. నవ్వుతూనే తోశాం. ఇంతకాలం కదలని బండి ముందు మూలిగింది, చక్రాల దగ్గర తుప్పు రాలింది. పాపాయమ్మ నా పక్కనే ఉంది, రెండు చేతులూ చెక్కమీద పెట్టి, తల వంచుకుని తోస్తోంది. బండి కదిలింది. కదలగానే ఆవిడ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. తరువాత ఇంకొకటి. ఆ తరువాత ఇక ఆగలేదు. "అమ్మా, నా తల్లీ," అని బండి వెంట నడుస్తూ, తోస్తూ, వెక్కి వెక్కి ఏడ్చింది. వీధి నవ్వు ఆపేసింది. చేతులు మాత్రం ఎవరూ తీయలేదు.

విశ్వంభరరావు గారు వెనక్కి తిరిగి చూశారు. తనకోసం ఒక ఆడమనిషి అంతలా ఏడవడం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదనుకుంటాను. ఇంతకుముందు బదిలీ అయిన ఊళ్ళన్నిటిలోనూ ఆయన బొత్తాం నొక్కే బండ్లలోనే వెళ్ళి ఉంటారు. కళ్ళద్దాలు తీశారు. రుమాలు వెతుక్కున్నారు. ఆ ఏడుపు ఎవరిదో నేను చెప్పవచ్చు. చెప్పలేదు. దారి ఖర్చుకు ఉంచుకోనీ అనుకున్నాను.

ఇంజను అందుకుంది. బండి చేతుల్లోంచి జారింది. మలుపు దగ్గర గవర్రాజు హారను కొట్టాడు, మా ఆయన కొట్టేవాడే, అలా పొడుగ్గా. రేపు సాయంత్రానికల్లా తిరిగి రమ్మని మరీ మరీ చెప్పాను గాని, ఆ హారను వినగానే రాకపోతే ఎలా అని మళ్ళీ భయం పట్టుకుంది.

పాపాయమ్మ దారి మధ్యలో నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతుల దుమ్ము దులుపుకుంది. కాలవ మలుపు వైపు ఒకసారి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచింది.

"హమ్మయ్య," అంది. "ఇప్పటికెళ్ళిందే వదినా నా పిల్ల, అత్తారింటికి. పద, అన్నాలు తిందాం."